కాలిఫోర్నియాలో రికాల్ పిటిషన్: సిటీ కౌన్సిల్, స్కూల్ బోర్డ్ సభ్యులను మధ్యలో దించడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్రీమాంట్ అయినా ఇర్వైన్ అయినా, బడుల హద్దులు మారుస్తున్నారనగానే తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మొదట వినబడే మాట "రికాల్ చేద్దాం". ఆ వెంటనే వచ్చే సందేహాలు ప్రతిసారీ ఇవే. కోపంతో మొదలయ్యే పిటిషన్లలో చాలా వాటికి ఓటర్ల దాకా వెళ్లే యోగం ఉండదు. కాగితాల దగ్గరే ఆగిపోతాయి. అందుకే ఇక్కడ తేదీలకు, అంకెలకు, చిరునామాలకే ఎక్కువ చోటిచ్చాం. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మొదలుపెట్టక ముందు

నిజంగా పదవీకాలం మధ్యలో దించేయొచ్చా? ఎవరెవరిని?

దించొచ్చు. లాస్ ఏంజెలెస్ నగరం 1903లోనే తన చార్టర్‌లో (నగరం సొంత మూల చట్టంలో) రికాల్ పెట్టుకుని, మరుసటి ఏడాదే ఒక కౌన్సిల్ సభ్యుణ్ని ఇంటికి పంపింది. 1911లో అది రాష్ట్రమంతటికీ వచ్చింది. మేయర్, సిటీ కౌన్సిల్ సభ్యులు, కౌంటీ సూపర్‌వైజర్లు (కౌంటీ పాలక మండలి సభ్యులు), డిస్ట్రిక్ట్ అటార్నీ, షెరీఫ్, స్కూల్ బోర్డ్ ట్రస్టీలు, వాటర్ డిస్ట్రిక్ట్ డైరెక్టర్లు అందరూ దీని కిందికి వస్తారు. ఖాళీ అయిన సీటులో నియామకంతో వచ్చి కూర్చున్నవాళ్లకూ మినహాయింపు లేదు. స్కూల్ సూపరింటెండెంట్, సిటీ మేనేజర్, ప్రిన్సిపాల్ మాత్రం ఉద్యోగులు. వాళ్లను రికాల్ చేయడం కుదరదు. అమెరికా కాంగ్రెస్ సభ్యులనూ కుదరదు.

అవినీతి నిరూపించాలా? ఏ తప్పు చేస్తే రికాల్ చేయొచ్చు?

ఏ తప్పూ నిరూపించనక్కర్లేదు. కారణం రాయాలి. అది సరిపోతుందో లేదో తేల్చేది ఓటర్లు. "ఆయన వేసిన ఓటు మాకు నచ్చలేదు" అన్నదీ చట్టం దృష్టిలో కారణమే. నచ్చని ఒక్క ఓటు మీద అంత పని పెట్టుకోవాలా అన్నది వేరే ఆలోచన. రెండేళ్లలో మామూలు ఎన్నిక ఉంటే, ఆ శ్రమలో సగంతో మంచి అభ్యర్థిని నిలబెట్టొచ్చు.

గెలిచి నెలే అయింది. ఇప్పుడే మొదలుపెట్టొచ్చా?

కుదరదు. రాష్ట్ర చట్టం ప్రకారం మూడు సందర్భాల్లో తలుపు మూసి ఉంటుంది. ఈ పదవీకాలంలో ఆయన బాధ్యత తీసుకుని 90 రోజులు దాటకపోతే. గత ఆరు నెలల్లో ఒక రికాల్ ఎన్నికలో ఆయన నెగ్గి ఉంటే. పదవీకాలం ఇంకా ఆరు నెలలో, అంతకంటే తక్కువో మిగిలి ఉంటే. శాన్ ఫ్రాన్సిస్కో చార్టర్ మొదటి 90 రోజుల బదులు మొదటి ఆరు నెలలు కాపాడుతుంది.

మా ఊరికి వేరే రూల్స్ ఉన్నాయంటున్నారు. ఎలా తెలుస్తుంది?

సిటీ క్లర్క్‌కి ఈమెయిల్ పెట్టి ఒకే ప్రశ్న అడగండి: "మనది చార్టర్ సిటీయా? అయితే రికాల్‌కు చార్టర్ పద్ధతా, రాష్ట్ర ఎన్నికల చట్టమా?" జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. చార్టర్‌లో సొంత రికాల్ పద్ధతి ఉంటే సంతకాల సంఖ్య, గడువు రెండూ మారిపోవచ్చు. పాత కరపత్రాలను నమ్మకండి. అలమేడా కౌంటీ చార్టర్‌లో దశాబ్దాల నాటి సొంత పద్ధతి ఉండేది. 2024 మార్చిలో ఓటర్లు మెజర్ బి అనే ప్రతిపాదనను ఆమోదించి దాన్ని రాష్ట్ర చట్టంతో కలిపేశారు. స్కూల్ బోర్డ్ విషయమైతే సిటీ క్లర్క్‌తో పని ఉండదు, కౌంటీ రిజిస్ట్రార్ ఆఫ్ వోటర్స్ దగ్గరికి వెళ్లాలి.

మేం అదే స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంటాం, కానీ ఆయన మా ఏరియా ట్రస్టీ కాదు. సంతకం పెట్టొచ్చా?

పెట్టినా చెల్లదు. ట్రస్టీని ఏరియావారీగా ఎన్నుకునే డిస్ట్రిక్టుల్లో ఆ ఏరియాలో రిజిస్టరైన ఓటర్ల సంతకాలే లెక్కలోకి వస్తాయి, ఓటూ వాళ్లకే. సిటీ కౌన్సిల్ డిస్ట్రిక్టులకూ ఇంతే. పిటిషన్ చేతపట్టుకుని వీధిలోకి దిగే ముందు రిజిస్ట్రార్ దగ్గర హద్దుల మ్యాప్ తీసుకుని, ఏ వీధిలో ఏ వైపు ఇళ్లు లోపలికి వస్తాయో గుర్తు పెట్టుకోండి. ఒకే పిన్ కోడ్, ఒకే అపార్ట్‌మెంట్ సముదాయం అయినా రెండు ఏరియాల్లో పడే చోట్లున్నాయి.

ఎన్ని సంతకాలు కావాలి? ఎన్ని రోజులు ఇస్తారు?

ఆ పదవికి ఓటేసే పరిధిలో రిజిస్టరైన ఓటర్ల సంఖ్యను బట్టి, రాష్ట్ర చట్టం ఇలా చెబుతుంది:

- 1,000 లోపు ఓటర్లు: 30 శాతం, 40 రోజులు
- 1,000 నుంచి 5,000 లోపు: 25 శాతం, 60 రోజులు
- 5,000 నుంచి 10,000 లోపు: 25 శాతం, 90 రోజులు
- 10,000 నుంచి 50,000 లోపు: 20 శాతం, 120 రోజులు
- 50,000 నుంచి 1,00,000 లోపు: 15 శాతం, 160 రోజులు
- 1,00,000, ఆ పైన: 10 శాతం, 160 రోజులు

మెట్ల దగ్గర ఒక వింత ఉంది. 49,999 మంది ఓటర్లుంటే సుమారు 10,000 సంతకాలు కావాలి. ఇంకొక్కరు చేరితే 7,500 చాలు, పైగా 40 రోజులు ఎక్కువ. మీ డిస్ట్రిక్ట్ ఇలాంటి అంచున ఉంటే ఏ నెల రిజిస్ట్రేషన్ నివేదికను లెక్కలోకి తీసుకుంటారో ముందే అడగండి.

24,000 మంది ఓటర్లున్న ట్రస్టీ ఏరియాకైతే 120 రోజుల్లో 4,800 చెల్లే సంతకాలు, అంటే రోజుకు 40. శని, ఆదివారాలు మాత్రమే తిరిగే బృందానికి ఇది వారాంతపు రోజుకు 140 అవుతుంది. ఈ లెక్క వేసుకున్నాకే తొలి సమావేశం పెట్టండి.

## నోటీసు దశ

మొట్టమొదటి కాగితం ఏది? అందులో ఏముండాలి?

రికాల్ ఉద్దేశాన్ని తెలిపే నోటీసు. అధికారి పేరు, పదవి, 200 పదాలకు మించని కారణాలు, పిటిషన్ పెడుతున్నవాళ్ల పేర్లు, సంతకాలు, ఇంటి చిరునామాలు ఉండాలి. వీళ్లంతా ఆ పదవి పరిధిలో రిజిస్టరైన ఓటర్లే అయ్యుండాలి. ఎంతమంది కావాలన్నది 2023 నుంచి పెరిగింది. అంతకుముందు చాలాచోట్ల పదిమంది సరిపోయేవారు. ఇప్పటి సంఖ్య మీ పరిధిలోని ఓటర్ల సంఖ్యను, ఆ పదవికి నామినేషన్‌లో కావలసిన సంతకాలను బట్టి ఉంటుంది కాబట్టి క్లర్క్‌నే అడిగి, చెప్పినదానికి ఓ పదిమంది ఎక్కువే పెట్టుకోండి. ఒక్కరి రిజిస్ట్రేషన్ పాత చిరునామాలో ఉన్నా సంఖ్య తగ్గి, నోటీసు వెనక్కి వస్తుంది.

ఈ నోటీసు అందరూ చూడగలిగే పత్రం. మీ పేరు, చిరునామా ఆ అధికారి చేతికే వెళ్తాయి. పేరు బయటికి రావడం ఇష్టం లేనివాళ్లు ఇందులో చేరకుండా మిగతా పనుల్లో సాయం చేయడం మేలు.

200 పదాల్లో ఏం రాయాలి?

తేదీ, తీర్మానం, ఓటు. "ఫలానా తేదీ సమావేశంలో ఫలానా బడిని మూసేయడానికి అనుకూలంగా ఓటేశారు" అన్న వాక్యం "ప్రజాద్రోహి" అన్న మాట కంటే ఎంతో బలంగా నిలుస్తుంది. 2023 నుంచి ఈ రాతను ప్రజల పరిశీలనకు పెడుతున్నారు. అబద్ధం, తప్పుదారి పట్టించేది అని తోస్తే ఏ ఓటరైనా కోర్టుకెళ్లి మార్పించమని అడగొచ్చు. ప్రతి వాక్యానికీ సమావేశం మినిట్సో వీడియోనో చూపించగలగాలి. ఇదే రాత పిటిషన్‌లోని ప్రతి కాగితం మీదా అచ్చవుతుంది. తర్వాత దిద్దుకోవడానికి వీలుండదు.

నోటీసు ఎలా అందించాలి? ఈమెయిల్ చేస్తే చాలదా?

చాలదు. స్వయంగా చేతికివ్వాలి, లేదా సర్టిఫైడ్ మెయిల్‌లో పంపాలి. అందించిన ఏడు రోజుల్లోపు అసలు ప్రతిని, అందించినట్టు రుజువుతో కలిపి, ఎన్నికల అధికారి దగ్గర దాఖలు చేయాలి. సొంత ఖర్చుతో ఒకసారి పత్రికలో ప్రకటించాలి కూడా. ఆ పత్రిక చట్టపరమైన ప్రకటనలు వేయడానికి కోర్టు గుర్తింపు పొందిన స్థానిక పత్రిక అయ్యుండాలి. కిరాణా కొట్టులో ఉచితంగా దొరికే కమ్యూనిటీ మ్యాగజైన్‌లో వేస్తే లెక్కలోకి రాదు. అలాంటి పత్రికే లేని చోట కనీసం మూడు బహిరంగ స్థలాల్లో అతికించాలి. వారపత్రికైతే ప్రకటన తీసుకునే ఆఖరి రోజు ముందే కనుక్కోండి. దానికోసం వారం పోతే తర్వాతి గడువులన్నీ మీద పడతాయి.

ఆయన జవాబు ఇస్తాడా? ఇవ్వకపోతే?

నోటీసు దాఖలైన ఏడు రోజుల్లోపు ఆయనా 200 పదాలకు మించకుండా జవాబివ్వొచ్చు. ఇస్తే దాన్ని ఉన్నదున్నట్టు మీ పిటిషన్ కాగితాల మీద అచ్చు వేయాలి. ఒక్క కామా కూడా మార్చకండి. ఇవ్వకపోతే జవాబు రాలేదని పిటిషన్‌లో పేర్కొనాలి. దానివల్ల ఆయనకు చట్టపరంగా వచ్చే నష్టం లేదు.

పిటిషన్ కాగితం మేమే డిజైన్ చేసుకోవచ్చా?

రాష్ట్రంలో ఎన్నికలు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఇచ్చిన నమూనాలోనే ఉండాలి. జవాబు దాఖలైన పది రోజుల్లోపు, జవాబు రాకపోతే దాని ఏడు రోజుల గడువు ముగిసిన పది రోజుల్లోపు, రెండు ఖాళీ ప్రతులను పత్రికా ప్రకటన రుజువుతో సహా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. అక్షరాల సైజు, వరుసలు, నోటీసులోని మాటలు అన్నీ వాళ్లు సరిచూస్తారు. తప్పుంటే చెబుతారు, దిద్ది మళ్లీ ఇవ్వాలి. సరిగ్గా ఉందని రాతపూర్వకంగా చెప్పాకే సంతకాల గడియారం మొదలవుతుంది. అంతకుముందు తీసుకున్న ఒక్క సంతకమూ చెల్లదు. ఆమోదించిన ఫైలునే ప్రింట్‌కివ్వండి. ప్రింట్ షాపువాళ్లు "పేజీకి సరిపోయేలా" కుదించేస్తే అక్షరాలు చిన్నవైపోతాయి, చూసుకోండి.

## సంతకాల దశ

ఆన్‌లైన్‌లో సంతకాలు తీసుకోవచ్చా?

లేదు. ఆన్‌లైన్ పిటిషన్ల సైట్లలో వచ్చిన ఇరవై వేల పేర్లకు చట్టం దగ్గర విలువ సున్నా. కాగితం మీద పెన్నుతో పెట్టిన సంతకమే కావాలి. అయితే ఆమోదం పొందిన పిటిషన్‌ని వెబ్‌సైట్‌లో పెట్టొచ్చు. ఓటరు దాన్ని ప్రింట్ తీసుకుని, సంతకం పెట్టి, కింద సేకరించినవారి ప్రమాణపత్రం కూడా తానే నింపి పోస్టులో పంపొచ్చు. ఇలా వచ్చే కాగితాల్లో కింది భాగం ఖాళీగా ఉంచేసేవాళ్లు చాలామంది. అది ఖాళీగా ఉంటే పై సంతకం చెల్లదు, కాబట్టి ఆ చోటును రంగుపెన్నుతో గుర్తుపెట్టిన నమూనా పేజీని జత చేయండి.

మా ఆవిడ ఆఫీసులో ఉంది. ఆవిడ పేరు కూడా నేనే రాసేయొచ్చా?

వద్దు. పేరు, చిరునామా, సంతకం మూడూ ఓటరు తన చేత్తోనే రాయాలి. ఇంకొకరి సంతకం పెట్టడం నేరం. ఒకే చేతిరాతలో నలుగురి వివరాలు కనబడితే ఆ వరుసలన్నీ అనుమానంలో పడతాయి. చేయి వణికే పెద్దవాళ్లు, చూపు సరిగా లేనివాళ్లు అడిగితే పేరు, చిరునామా మరొకరు రాసిపెట్టొచ్చు. సంతకమో గుర్తో మాత్రం వాళ్లదే. ఇలా సాయం తీసుకున్నప్పుడు పక్కన ఒక సాక్షి సంతకం ఉండాలి.

ఏ చిరునామా రాయాలి? ఈ మధ్యే ఇల్లు మారాం.

ఓటరు రిజిస్ట్రేషన్‌లో ఏది ఉందో అదే. కొత్తింటి చిరునామా రాసి, రిజిస్ట్రేషన్ పాతింట్లో ఉంటే సంతకం పోతుంది. సంతకానికి ముందే రిజిస్ట్రేషన్ మార్చుకోవడం శుభ్రమైన దారి. రాష్ట్ర వెబ్‌సైట్‌లో కొద్ది నిమిషాల పని. పోస్ట్ ఆఫీసు పెట్టె నంబరు పనికిరాదు. అపార్ట్‌మెంట్ నంబరు వదలొద్దు. మనవాళ్ల పేర్లతో ఇంకో చిక్కుంది. ఇంటిపేరు ముందా వెనకా అన్న తికమకతో రికార్డులో ఒకలా, కాగితం మీద ఒకలా ఉంటుంది. రికార్డులో ఉన్న వరుసలోనే రాయమనండి.

సేకరించినవాళ్లు నింపాల్సింది ఏమిటి?

ప్రతి కాగితం చివర ప్రమాణపత్రం ఉంటుంది. సేకరించినవారి పేరు, చిరునామా, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా సంతకాలు తీసుకున్నారు, ప్రతి సంతకాన్నీ కళ్లారా చూశామన్న మాట, సంతకం. అంతా తన చేత్తోనే రాయాలి. ఇక్కడ దొర్లే తప్పు ఒక వరుసతో పోదు, కాగితం మొత్తాన్ని ముంచుతుంది. అన్నిటికంటే ఎక్కువ జరిగే పొరపాటు ఉదయాన్నే తేదీలు నింపేసి, సంతకం పెట్టేసి బయల్దేరడం. మధ్యాహ్నం వచ్చిన సంతకాలన్నీ ప్రమాణం తర్వాతవైపోతాయి. కాగితాన్ని గ్రోసరీ స్టోర్ కౌంటర్ మీద వదిలేసి సాయంత్రం తెచ్చుకోవడమూ కుదరదు. చూడనిదాన్ని చూశానని ప్రమాణం చేసినట్టవుతుంది.

గుడి దగ్గర, ఇండియన్ స్టోర్ ముందు నిలబడొచ్చా?

పార్కులు, ఫుట్‌పాత్‌లు, ఫార్మర్స్ మార్కెట్ బయట వీధి వంటి బహిరంగ స్థలాల్లో నిలబడొచ్చు. పెద్ద షాపింగ్ మాల్‌లో అందరూ కూర్చునే ఉమ్మడి ఆవరణలో పిటిషన్ తిప్పే హక్కును కాలిఫోర్నియా రాజ్యాంగం ఇస్తుంది. ప్రూన్‌యార్డ్ కేసులో 1980లో అమెరికా సుప్రీంకోర్టు కూడా దాన్ని నిలబెట్టింది. సమయం, చోటు గురించి మాల్ పెట్టే సహేతుకమైన నియమాలు మాత్రం పాటించాలి. విడిగా ఉన్న దుకాణం గుమ్మం ముందైతే యజమాని అనుమతి ఉండాల్సిందే.

గుళ్లు, తెలుగు సంఘాలు చాలావరకు 501(సి)(3) కింద పన్ను మినహాయింపు ఉన్న సంస్థలు. ఎవరో ఒక నాయకుడికి వ్యతిరేకంగా తమ పేరు, వేదిక, ఈమెయిల్ జాబితా వాడనిస్తే ఆ మినహాయింపుకే ఎసరు రావచ్చు. ఉగాది సభలో మైకు అడక్కండి. వాళ్లు కాదంటే నొచ్చుకోకండి.

సంతకం పెడితే బిర్యానీ కూపన్ ఇస్తే తప్పా?

తప్పే, నేరం కూడా. సంతకానికి బదులుగా డబ్బుగానీ విలువైన వస్తువుగానీ ఇవ్వజూపకూడదు. సేకరించేవాళ్లకు కూలి ఇవ్వడం మాత్రం చట్టసమ్మతమే. పెద్ద నగరాల్లో ఎక్కువగా అలాగే జరుగుతుంది. సేకరించిన పేర్లు, చిరునామాలను రికాల్ పనికి తప్ప రియల్ ఎస్టేట్ మెయిలింగ్‌కో విరాళాల జాబితాకో వాడటమూ నేరమే.

పిటిషన్ తెలుగులో ఉండొచ్చా?

సంతకం పెట్టే అధికారిక కాగితం నమూనా ప్రకారమే ఉండాలి. దాన్ని వేరే భాషల్లోకి అనువదించాల్సిన బాధ్యతా మీకు లేదు. శాంటా అనా స్కూల్ బోర్డ్ రికాల్ మీద వచ్చిన పడిల్లా వర్సెస్ లీవర్ కేసులో 2006లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు, ప్రజలే తయారుచేసే రికాల్ పిటిషన్‌కి ఓటింగ్ హక్కుల చట్టంలోని భాషా నిబంధన వర్తించదని తేల్చింది. అమ్మానాన్నల తరం ఓటర్ల కోసం విషయాన్ని తెలుగులో వివరించే కరపత్రం విడిగా ఇవ్వండి. శాంటా క్లారా వంటి కౌంటీల్లో పోలింగ్ రోజు తెలుగు నమూనా బ్యాలెట్ కూడా అడిగి చూసుకోవచ్చు.

కావలసినదానికంటే ఎన్ని ఎక్కువ తీసుకోవాలి?

లాస్ ఏంజెలెస్ డిస్ట్రిక్ట్ అటార్నీ జార్జ్ గాస్కోన్ మీద 2022లో వేసిన పిటిషన్ లెక్క చూస్తే చాలు. కావలసినవి 5,66,857. ఇచ్చినవి 7,15,833, అంటే 26 శాతం ఎక్కువ. చెల్లినవి 5,20,050. పిటిషన్ పడిపోయింది. చెల్లని 1,95,783లో రిజిస్టర్ కానివాళ్లవి 88,464, ఒకరే మళ్లీ పెట్టినవి 43,593, చిరునామా తేడా ఉన్నవి 32,187, సంతకం పోలనివి 9,490, రద్దయిన రిజిస్ట్రేషన్లు 7,344, కౌంటీ బయటివాళ్లవి 5,374, మిగతావి 9,331.

సంతకం పోలకపోవడం అందరూ భయపడే కారణం. చూస్తే అది అయిదు శాతం కూడా లేదు. ముంచినవి రిజిస్ట్రేషన్, రెండోసారి పెట్టడం, చిరునామా. ఈ మూడింటినీ ఇంట్లోనే పట్టుకోవచ్చు. రాజకీయ అవసరానికి ఓటర్ల జాబితా రిజిస్ట్రార్ దగ్గర కొనుక్కోవచ్చు. రోజూ సాయంత్రం ఇద్దరు కూర్చుని ఆనాటి వరుసలను దాంతో సరిచూసి, చెల్లనివాటిని కొట్టేస్తూ పోతే 15 శాతం అదనం చాలు. సరిచూసే ఓపిక లేకపోతే 40 శాతం ఎక్కువ తెచ్చుకోండి.

సంతకం పెట్టాక మనసు మారింది. వెనక్కి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఆ కాగితం ఎన్నికల అధికారి దగ్గర దాఖలు కాకముందే, మీ పేరు తీసేయమని రాతపూర్వకంగా ఆ అధికారికే ఇవ్వాలి. సేకరించినవాళ్లకు మెసేజ్ పెడితే సరిపోదు.

## వీసా, గ్రీన్ కార్డ్, డబ్బు

నాకు గ్రీన్ కార్డ్ ఉంది. పిల్లలు ఆ బడిలోనే చదువుతున్నారు. సంతకం పెట్టొచ్చా?

వద్దు. సంతకం రిజిస్టరైన ఓటర్లదే చెల్లుతుంది, ఓటరు కావాలంటే అమెరికా పౌరసత్వం ఉండాలి. ఇంటి పన్ను కడుతున్నా, పీటీఏలో (తల్లిదండ్రులు, టీచర్ల సంఘంలో) ఉన్నా లెక్కలోకి రాదు.

పిటిషన్ మీద పొరపాటున పెట్టిన సంతకం చెల్లకుండా పోతుంది, అంతే. అసలు ప్రమాదం పక్క కాగితంలో ఉంది. చాలామంది సేకరించేవాళ్లు ఓటరు రిజిస్ట్రేషన్ ఫారాలూ వెంట తెచ్చుకుంటారు. "ఇది కూడా నింపేయండి" అంటారు. అందులో "నేను అమెరికా పౌరుణ్ని" అన్న ప్రమాణం ఉంటుంది. పౌరులు కానివాళ్లు దాని మీద సంతకం పెడితే గ్రీన్ కార్డే పోవచ్చు, దేశం నుంచి పంపేయొచ్చు. తెలియక పెట్టానంటే వినకపోవచ్చు. తల్లిదండ్రులు గ్రీన్ కార్డ్ మీద ఉంటే, వాకిట్లోకి వచ్చి ఎవరేమిచ్చినా సంతకం పెట్టొద్దని ఇంట్లో చెప్పి ఉంచండి. మీరే సేకరిస్తుంటే మొదటి ప్రశ్న "మీరు సిటిజనేనా?" అని అడగండి, రిజిస్ట్రేషన్ ఫారం చేతికివ్వడం ఆ తర్వాతే.

హెచ్-1బి మీద ఉన్నాను. వాలంటీర్‌గా తిరగొచ్చా? డబ్బివ్వొచ్చా?

కాలిఫోర్నియాలో సంతకాలు సేకరించడానికి 18 ఏళ్లు నిండితే చాలు, ఓటరై ఉండనక్కర్లేదు. జీతం తీసుకోకుండా తిరగొచ్చు. సంతకానికింత అని కూలి తీసుకుంటే మాత్రం అది అనుమతి లేని ఉద్యోగం కిందికి వచ్చి వీసాకు చేటు. డబ్బు సంగతి వేరు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు. హెచ్-1బి, హెచ్-4, ఎల్-1, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు స్థానిక ఎన్నికలకు కూడా విరాళం ఇవ్వకూడదని ఫెడరల్ చట్టం. డబ్బెలా ఖర్చుపెట్టాలో తేల్చే కమిటీలోనూ కూర్చోకండి. వీసా మీద ఉన్నవాళ్లు ప్రింటింగ్ ఖర్చు జేబులోంచి పెట్టుకోవడమూ విరాళమే.

చందాలు వసూలు చేస్తే లెక్కలు చెప్పాలా?

ఒక క్యాలెండర్ ఏడాదిలో 2,000 డాలర్లు చేరితే మీరు కమిటీ అయిపోయినట్టే. పది రోజుల్లో ఫారం 410 దాఖలు చేయాలి, తర్వాత ఫారం 460లో లెక్కలు చెబుతూ ఉండాలి. 100 డాలర్లు, ఆపైన ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా, వృత్తి, పనిచేసే సంస్థ రాసుకోవాలి. 100 డాలర్లు, అంతకు మించిన నగదు తీసుకోకూడదు. ఒకరి జెల్ (Zelle) ఖాతాలోకి అందరూ పంపితే, రేపు ఎవరిదెంతో తేల్చడం నరకం. మొదటి రోజే విడిగా బ్యాంకు ఖాతా, ఒక కోశాధికారి.

## సంతకాల లెక్కింపు

విడతలవారీగా ఇవ్వొచ్చా? ఎలా లెక్కపెడతారు?

ఒకేసారి ఇవ్వాలి. ఇచ్చాక కలపడానికి లేదు. సెలవులు, శని, ఆదివారాలు పోను 30 రోజుల్లో పరిశీలిస్తారు. 500 దాటితే అన్నీ చూడక్కర్లేదు. 500 గానీ మొత్తంలో 5 శాతం గానీ, ఏది ఎక్కువైతే అన్ని ఏరి చూడొచ్చు. దాన్నిబట్టి వేసిన అంచనా కావలసినదాంట్లో 90 శాతం లోపుంటే పడిపోయినట్టు, 110 శాతం దాటితే నెగ్గినట్టు. మధ్యలో ఉంటే ప్రతి సంతకాన్నీ చూస్తారు.

ఏరి చూసేటప్పుడు డబుల్ సంతకం చేసే నష్టం ఊహకందదు. 4,800 కావాలి, మీరు 5,900 ఇచ్చారు, 500 ఏరారు అనుకోండి. ఒక్కో సంతకం 11.8కి ప్రతినిధి. 410 చెల్లితే అంచనా 4,838. ఆ అయిదొందల్లో ఒక్క డబుల్ దొరికితే, సాధారణంగా వాడే సూత్రం ప్రకారం 11.8ని 10.8తో గుణించి 127 కొట్టేస్తారు. అంచనా 4,711కి జారిపోతుంది. "గుర్తులేదు, మళ్లీ పెట్టనా?" అని ఎవరైనా అడిగితే వద్దనే చెప్పండి.

పిటిషన్ పడిపోయింది. ఇప్పుడేం చేయొచ్చు?

ఏవి ఎందుకు కొట్టేశారో పిటిషన్ పెట్టినవాళ్లు చూసుకోవచ్చు. 21 రోజుల్లోపు ఆ పరిశీలన మొదలుపెట్టాలి. 2024లో వచ్చిన సవరణ తర్వాత దానికయ్యే ఖర్చు మీ మీదే పడుతుంది. కాబట్టి తేడా వందల్లో ఉంటేనే ఆలోచించండి. మళ్లీ ప్రయత్నించడానికి అడ్డు లేదు. అయితే పాత సంతకాల్లో ఒక్కటీ పనికిరాదు, నోటీసు నుంచి మళ్లీ మొదలు.

## ఎన్నిక, ఆ తర్వాత

నెగ్గితే ఎన్నిక ఎప్పుడు పెడతారు?

సంతకాలు సరిపోయాయన్న ధ్రువపత్రం ఆ సిటీ కౌన్సిల్ లేదా బోర్డ్ తదుపరి మామూలు సమావేశానికి వెళ్తుంది. 14 రోజుల్లో ఎన్నికకు ఉత్తర్వు ఇవ్వాలి. నాన్చితే కౌంటీ ఎన్నికల అధికారే అయిదు రోజుల్లో తేదీ ఖాయం చేస్తారు. ఉత్తర్వు ఇచ్చిన 88 నుంచి 125 రోజుల మధ్య ఎన్నిక. 180 రోజుల్లోపు ఆ పరిధి మొత్తానికి వేరే ఎన్నిక ఉంటే దాంతో కలపొచ్చు. విడిగా పెడితే ఖర్చు ఆ సిటీదో స్కూల్ డిస్ట్రిక్ట్‌దో. బడి డబ్బు గురించే రికాల్ మొదలుపెట్టినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోవాలి, అవతలివాళ్లు మొదట అడిగేది అదే.

బ్యాలెట్ మీద కొత్త అభ్యర్థుల పేర్లుంటాయా?

రాష్ట్ర చట్టం కింద జరిగే స్థానిక రికాల్‌లో 2023 నుంచి ఉండవు. ఫలానా పదవి నుంచి ఫలానావారిని తొలగించాలా, అవునా కాదా, అంతే. సగం కంటే ఎక్కువ అవునంటే సీటు ఖాళీ. 2003లో, 2021లో గవర్నర్ రికాల్‌లో చూసిన పొడవాటి అభ్యర్థుల జాబితా రాష్ట్ర పదవులది.

మరి ఆ సీటులో ఎవరు కూర్చుంటారు?

చాలామంది చివరిదాకా అడగని ప్రశ్న. చార్టర్ లేని సిటీలో కౌన్సిల్ 60 రోజుల్లోపు ఎవరినైనా నియమించాలి, లేదా ప్రత్యేక ఎన్నిక పెట్టాలి. స్కూల్ బోర్డ్‌కూ అదే 60 రోజులు. బోర్డ్ నియమించినవారు నచ్చకపోతే 30 రోజుల్లోపు మరో పిటిషన్‌తో ఎన్నికకు పట్టుబట్టే దారి ఉంది. చార్టర్ లేని కౌంటీలో సూపర్‌వైజర్ సీటు ఖాళీ అయితే నియమించేది గవర్నర్. ఎటుచూసినా, మీరు దించినాయన స్నేహితులే తర్వాతివారిని ఎంచుకునే అవకాశం ఉంది. బోర్డ్‌లో ఎవరెవరు ఎటువైపో లెక్క వేసుకోకుండా నోటీసు ఇవ్వకండి.

అసలు ఇలా దిగిపోయినవాళ్లు ఉన్నారా?

ఉన్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో 2022 ఫిబ్రవరి 15న ముగ్గురు స్కూల్ బోర్డ్ సభ్యులు, అదే ఏడాది జూన్‌లో డిస్ట్రిక్ట్ అటార్నీ చెసా బూడిన్. 2024 నవంబరులో ఓక్లాండ్ మేయర్ షెంగ్ థావ్, అలమేడా కౌంటీ డిస్ట్రిక్ట్ అటార్నీ పమేలా ప్రైస్. 2025 సెప్టెంబరులో శాన్ ఫ్రాన్సిస్కో సూపర్‌వైజర్ జోయెల్ ఎంగార్డియో.

మన ఊళ్లో సర్పంచ్ మీద ఇలా పిటిషన్ పెట్టొచ్చా?

ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఓటర్లు సంతకాలు చేసి సర్పంచ్‌ని దించే పద్ధతి లేదు. తొలగించే అధికారం నిర్దిష్ట కారణాల మీద, విచారణ జరిపి, కలెక్టర్‌ది. మండల, జిల్లా పరిషత్, మునిసిపాలిటీల్లో ఉండే అవిశ్వాస తీర్మానం సభ్యుల చేతిలోది, ఓటర్లది కాదు. కాలిఫోర్నియా పద్ధతికి దగ్గరగా ఉన్నది హర్యానా. అక్కడ 2020లో తెచ్చిన సవరణ ప్రకారం గ్రామ ఓటర్లలో 33 శాతం మంది రాసిస్తే రహస్య ఓటింగ్ పెడతారు, 67 శాతం వ్యతిరేకిస్తే సర్పంచ్ దిగిపోవాలి. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో మునిసిపల్ అధ్యక్షుల విషయంలో ఓటింగ్ ప్రజలదే అయినా, దాన్ని కదిలించాల్సింది కౌన్సిలర్లు.